ఎర్రబడ్డ కన్ను ఎలా తేరుకుంటుంది?

నూర్పిళ్లప్పుడు కంట్లో పొట్టు పడుతుంది. బండి మీద వెళ్తుంటే పురుగొకటి వచ్చి కొడుతుంది. నలుపుకుంటాం, నీళ్లు చల్లుకుంటాం. కాసేపటికి కన్ను చింతనిప్పులా అవుతుంది. నీరు కారుతుంది, వెలుతురులోకి చూడలేం, రెప్ప వాలిస్తే లోపల ఇసుక ఉన్నట్టు గరగరమంటుంది. మర్నాటికి కొంత నయం. మూడో రోజుకు కన్ను మళ్లీ తెల్లగా ఉంటుంది. మందేమీ వేయకపోయినా చిన్న దెబ్బలు చాలావరకు ఇలాగే తగ్గుతాయి. నలక పడింది కాబట్టి ఎర్రబడింది, అది తెలుస్తూనే ఉంది. మరి తగ్గింది ఎందుకు?

నలక పోయింది కాబట్టి తగ్గింది అంటాం. వైద్యశాస్త్రం కూడా చాలాకాలం ఈ జవాబుతోనే సరిపెట్టుకుంది. కారణం తొలగిపోతే మంటకూ ఎరుపుకూ పని ఉండదు, అవి వాటంతటవే అణగిపోతాయి అనుకున్నారు. 1980ల నుంచి ఈ నమ్మకం సడలుతూ వచ్చింది. తగ్గడం కూడా శరీరం పూనుకుని చేసే పనే. దానికోసం కణాలు ప్రత్యేకంగా కొన్ని అణువులను తయారుచేస్తాయి. అవి కొవ్వు నుంచి పుడతాయి. కంటిని ఎర్రబరిచిన అణువులు కూడా అలాంటి కొవ్వు నుంచే పుట్టాయి. వీటి లెక్క తప్పితే ఏం జరుగుతుందో శరీరంలో మరెక్కడికంటే కంట్లోనే తేటగా కనిపిస్తుంది. అందుకే ఈ అధ్యాయానికి కంటిని ఎంచుకున్నాను.

గండి పూడ్చాక మిగిలే పని

డెల్టా ఊళ్లలో కాలువకు గండి పడితే ముందు ఎవరో ఒకరు కేక వేస్తారు. ఇసుక బస్తాలు, సరుగుడు బాదులు, తాటాకులు మోసుకుంటూ జనం పరుగెత్తుకొస్తారు. గట్టు పక్క పొలంలోకి దిగక తప్పదు. నాటు తొక్కకుండా గండి పూడ్చడం ఎవరివల్లా కాదు. తీరా గండి పూడాక రెండు పనులు మిగులుతాయి. ఇంకా వస్తున్నవాళ్లను ఆపాలి. పొలంలో ఉన్నవాళ్లను బయటికి పంపించి, చిరిగిన బస్తాలూ విరిగిన బాదులూ ఏరించి, తొక్కిన చోట మళ్లీ నాటించాలి. కేకలు ఆగినంత మాత్రాన ఈ రెండో పని జరగదు. దానికి ఎవరో పూనుకోవాలి, మనుషులను పురమాయించాలి. ఎవరూ పూనుకోకపోతే వచ్చిన జనం అక్కడే తిరుగుతూ మిగిలిన పైరునూ తొక్కేస్తారు.

కంటికి దెబ్బ తగిలినప్పుడు జరిగేదీ ఇలాంటిదే. వైద్యులు దీన్ని ఇన్‌ఫ్లమేషన్ అంటారు. మనం వాపు ప్రక్రియ అందాం. దెబ్బతిన్న కణాలు సంకేతాలు పంపుతాయి. తెల్లగుడ్డు మీది సన్నని రక్తనాళాలు ఉబ్బుతాయి, అదే ఎరుపు. వాటి గోడలు వదులై నీరు ఊరుతుంది, అది వాపు. నరాల కొనలు మామూలుకంటే సున్నితంగా మారతాయి, అది నొప్పి. ఆ నాళాల్లోంచి న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలు గుంపులుగా బయటికొచ్చి గాయం వైపు పాకుతాయి. సూక్ష్మజీవులను మింగుతాయి. వాటిని చంపడానికి ఘాటైన రసాయనాలనూ, ప్రోటీన్లను కరిగించే ఎంజైములనూ చుట్టూ చిమ్ముతాయి. శత్రువుతోపాటు మన కణజాలమూ కొంత కరుగుతుంది.

చర్మం మీద అయితే ఫరవాలేదు. మచ్చ మిగులుతుంది, చెయ్యి మామూలుగానే పనిచేస్తుంది. కంటి ముందుభాగాన్ని కప్పి ఉండే కార్నియాకు ఆ వెసులుబాటు లేదు. దాని మందం మధ్యలో అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. అందులో రక్తనాళాలు లేవు. కొలాజెన్ అనే ప్రోటీన్ నూలుపోగులు అత్యంత క్రమంగా, సమానమైన ఎడంతో పేర్చి ఉండటం వల్లే అది అద్దంలా కనిపిస్తుంది. న్యూట్రోఫిల్ కణాలు రెండు రోజులు ఎక్కువ తిరిగినా ఆ పేర్పు చెదురుతుంది. చెదిరినచోట మానిన గాయం తెల్లగా మిగులుతుంది. ఊళ్లలో కంట్లో పువ్వు పడిందనేది దీన్నే. పువ్వు కనుపాపకు ఎదురుగా పడితే గాయం పూర్తిగా మానినా చూపు పోయినట్టే.

అలాగని వాపు రాకుండా చేస్తే సరిపోతుందా అంటే అదీ కుదరదు. ప్రయోగశాలలో ఎలుకల్లో న్యూట్రోఫిల్ కణాలను తగ్గించి చూస్తే కార్నియా గాయం మానడం ఆలస్యమైంది. ఆ కణాలు రావాలి, పని చేయాలి, వేళకు వెళ్లాలి.

పొరల్లో ఉన్న సరుకు

సంకేతాలు అన్నాం కదా, అవి ఎక్కడి నుంచి వస్తాయి?

మన ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. ఆ పొర ఎక్కువగా కొవ్వుతోనే తయారవుతుంది. కొవ్వంటే ఒంట్లో పేరుకునే బరువని మనకు అలవాటైన ఆలోచన. 1929లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలకు కొవ్వు బొత్తిగా లేని తిండి పెట్టి చూశారు. మిగతా పోషకాలన్నీ ఉన్నా వాటి చర్మం పొలుసులు కట్టింది, ఎదుగుదల ఆగింది, చివరకు చనిపోయాయి. కొన్ని రకాల కొవ్వు ఆమ్లాలను శరీరం సొంతంగా చేసుకోలేదనీ, తిండి ద్వారా అందాల్సిందేననీ అలా తెలిసింది. వాటిలో ఒక కుటుంబాన్ని ఒమేగా-6 అంటాం. పొద్దుతిరుగుడు, నువ్వులు, వేరుశనగ లాంటి నూనెల్లో ఇవి పుష్కలం. రెండో కుటుంబం ఒమేగా-3. అవిసె గింజల్లోనూ సముద్రపు చేపల్లోనూ ఇవి ఎక్కువ.

కణపు పొరలో ఒమేగా-6 తరఫున ఉండే ముఖ్యమైన కొవ్వు ఆమ్లం అరాకిడోనిక్ ఆమ్లం. 20 కార్బన్ పరమాణువుల గొలుసు. కణం ప్రశాంతంగా ఉన్నంతకాలం అది పొరలో భాగంగా ఊరకే ఉంటుంది. దెబ్బ తగలగానే ఒక ఎంజైము దాన్ని పొర నుంచి కత్తిరిస్తుంది. విడిపోయిన గొలుసుకు అక్కణ్నుంచి రెండు ప్రధాన దారులున్నాయి. సైక్లో ఆక్సిజనేజ్ అనే ఎంజైము చేతికి చిక్కితే ప్రోస్టాగ్లాండిన్‌గా మారుతుంది. లైపాక్సిజనేజ్ అనే ఎంజైముల చేతికి చిక్కితే లూకోట్రైన్, ఇంకా మరికొన్ని అణువులు తయారవుతాయి. ప్రోస్టాగ్లాండిన్లు రక్తనాళాలను వెడల్పు చేస్తాయి, నరాలను సున్నితం చేస్తాయి. లూకోట్రైన్లలో బి4 అనేది న్యూట్రోఫిల్ కణాలను గాయం వైపు లాగుతుంది.

వీటి గురించి గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. హార్మోన్ల మాదిరిగా ఇవి గ్రంథుల్లో తయారై రక్తంలో దూరాలు పోవు. ముందుగా చేసి నిల్వ ఉంచడమూ లేదు. అవసరమైన చోట, అవసరమైన క్షణంలో పుట్టి, పక్కనున్న కణాలకు కబురందించి, సెకన్లలోనో నిమిషాల్లోనో విరిగిపోతాయి. వీటిని పట్టుకుని పరీక్షించడం శాస్త్రవేత్తలకు అంత కష్టమైంది అందుకే.

ఐరిస్‌లో దొరికిన పదార్థం

ప్రోస్టాగ్లాండిన్ అన్న పేరు పెట్టింది స్వీడన్‌కు చెందిన ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్, 1935లో. వీర్యంలో దొరికిన ఆ పదార్థం ప్రోస్టేట్ గ్రంథిలో పుడుతుందని ఆయన అనుకున్నారు. కంటి కథ మాత్రం వేరే దారిలో నడిచింది. కుందేలు కంటిని కాస్త గీరినా, ముందుభాగంలో చిన్న పోటు పొడిచినా కనుపాప బిగుసుకుపోవడం చాలామంది గమనించారు. 1950లలో అంబాష్ అనే పరిశోధకుడు కుందేలు ఐరిస్ నుంచి కండరాలను బిగించే పదార్థాన్ని వేరుచేసి దానికి ఐరిన్ అని పేరు పెట్టారు. ఐరిస్ అంటే కనుపాప చుట్టూ ఉండే రంగు కండరం. ఐరిన్‌లో ఉన్నవి ప్రోస్టాగ్లాండిన్లేనని 1960లలో తేలింది.

1971లో బ్రిటన్‌లో జాన్ వేన్ ఒక పాత చిక్కుముడి విప్పారు. అంతకు డెబ్బై ఏళ్ల ముందు నుంచీ జనం మింగుతున్న ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. అది ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుందని ఆయన చూపించారు. ప్రోస్టాగ్లాండిన్ల నిర్మాణాన్ని తేల్చిన సూనే బెర్గ్‌స్ట్రోమ్‌కూ, ఆయన శిష్యుడు బెంట్ సామ్యూల్సన్‌కూ, వేన్‌కూ కలిపి 1982లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

మన ఇళ్లలో ఎవరికైనా శుక్లం ఆపరేషన్ జరిగి ఉంటే ఈ విజ్ఞానం వాళ్లకు చుక్కల రూపంలో అందే ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు కనుపాపను వెడల్పు చేస్తారు. సర్జన్ పరికరం ఐరిస్‌కు తగిలితే ప్రోస్టాగ్లాండిన్లు పుట్టి కనుపాప మూసుకుపోతుంది, లోపల పని చేయడం ప్రమాదమవుతుంది. దాన్ని ఆపడానికి ఫ్లర్‌బిప్రోఫెన్ లాంటి చుక్కలు ముందే వేస్తారు. ఆపరేషన్ తర్వాత వేసే నెపాఫెనాక్, కెటోరోలాక్ ఇదే కోవలోవి. ఇవన్నీ సైక్లో ఆక్సిజనేజ్ దారిని మూస్తాయి. స్టెరాయిడ్ చుక్కలు ఇంకా పైనుంచే పనిచేస్తాయి. పొర నుంచి గొలుసును కత్తిరించే మెట్టునే అణచడంతో రెండు దారులకూ సరుకు తగ్గిపోతుంది.

ఇక్కడిదాకా వింటే ప్రోస్టాగ్లాండిన్లు కంటికి శత్రువులని అనిపిస్తుంది. డెబ్బైల దాకా కంటి వైద్యులూ అదే అనుకున్నారు. కుందేళ్ల కంట్లో వాటిని ఎక్కువ మోతాదులో వేస్తే కంటి లోపలి ఒత్తిడి పెరిగేది కూడా. 1956 తిరుగుబాటు తర్వాత హంగేరీ వదిలి అమెరికా చేరిన లాస్లో బీటో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఈ సంగతి మళ్లీ పరీక్షకు పెట్టారు. కార్ల్ కామ్రాస్ అనే విద్యార్థి ఆయనతో పనిచేశాడు. మోతాదు బాగా తగ్గించి వేస్తే ఒత్తిడి పెరగలేదు సరికదా, తగ్గింది. 1977లో ఈ ఫలితం అచ్చయింది. కంటికి హాని చేసే పదార్థాన్ని మందంటారేమిటని చాలామంది కొట్టిపారేశారు. బీటో వదల్లేదు. 1996లో అమెరికాలో లాటనోప్రోస్ట్ చుక్కలకు అనుమతి వచ్చింది. ఇది ప్రోస్టాగ్లాండిన్ అణువును కాస్త మార్చి చేసిన మందు. కంటి లోపలి నీరు బయటికి పోయే ఒక దారిని సులువు చేస్తుంది. గ్లకోమా, అంటే నీటికాసులు ఉన్నవాళ్లు ఈనాడు రాత్రి పడుకునే ముందు ఒక్క చుక్క వేసుకునేది ఎక్కువగా ఇదే, లేదా దీని తోబుట్టువుల్లో ఒకటి. మందుల దుకాణం నుంచి తెచ్చిన కొత్త సీసాను తెరిచేదాకా ఫ్రిజ్‌లో ఉంచమనేది ఆ అణువు వేడికి పాడవుతుంది కాబట్టి. రెప్పవెంట్రుకలు ఒత్తుగా పొడుగ్గా పెరగడం దీని దుష్ఫలితాల్లో ఒకటి. ఈ కుటుంబానికే చెందిన బిమాటోప్రోస్ట్‌ను రెప్పవెంట్రుకలు పెంచే మందుగా 2008లో అనుమతించారు.

బీటో అనుభవం ఈ రంగానికి పెద్ద పాఠం. ఒక అణువు మంచిదా చెడ్డదా అనే ప్రశ్నకు అర్థం లేదు. ఎంత, ఎప్పుడు, ఎక్కడ అన్నవే ప్రశ్నలు.

పంపించే అణువులు

నోబెల్ బహుమతి వచ్చిన రెండేళ్లకు, 1984లో, సామ్యూల్సన్ దగ్గర పనిచేస్తున్న చార్లెస్ సెర్హాన్ అనే యువకుడు అరాకిడోనిక్ ఆమ్లం నుంచి పుట్టే మరో రకం అణువును తెల్లరక్తకణాల్లో కనుగొన్నాడు. దానికి లైపాక్సిన్ అని పేరు పెట్టారు. లైపాక్సిజనేజ్ ఎంజైములు ఒకదాని తర్వాత ఒకటి పనిచేస్తే ఇది తయారవుతుంది. మొదట్లో ఇది కూడా వాపును పెంచేదే అయి ఉంటుందనుకోవడం సహజం. పరీక్షిస్తే తిరగబడింది. లైపాక్సిన్ ఎ4 న్యూట్రోఫిల్ కణాలు కొత్తగా రాకుండా ఆపుతుంది. మాక్రోఫేజ్ అనే పెద్ద కణాలను పిలిచి, చనిపోయిన న్యూట్రోఫిల్ కణాలను మింగేయమంటుంది. మింగిన మాక్రోఫేజ్ కణాలు వాపు సంకేతాలు ఆపి, గాయం మాన్పే పదార్థాలు విడుదల చేస్తాయి. వీటిని ఉపశమన అణువులు అందాం.

సెర్హాన్ బాస్టన్‌లో సొంత ప్రయోగశాల పెట్టుకున్నాక ఎలుకల్లో వాపు మొదలైన క్షణం నుంచి పూర్తిగా తగ్గేదాకా గంట గంటకూ ద్రవం తీసి, అందులో ఏ అణువు ఎప్పుడు పెరుగుతోందో లెక్క కట్టారు. ముందు ప్రోస్టాగ్లాండిన్లు, లూకోట్రైన్లు పెరిగాయి. న్యూట్రోఫిల్ కణాలు నిండుగా చేరాక లూకోట్రైన్ తయారీ తగ్గి, లైపాక్సిన్ పెరిగింది. ఈ మలుపు ఎలా వస్తుందో 2001లో వాళ్లు ప్రకటించిన ఫలితం ఈ మొత్తం కథలో నన్ను అన్నిటికంటే కదిలించినది. మొదట్లో పుట్టిన ప్రోస్టాగ్లాండిన్ ఇ2 స్వయంగా న్యూట్రోఫిల్ కణాల్లో లైపాక్సిన్‌ను తయారుచేసే ఎంజైమును మేల్కొలుపుతుంది. రమ్మని కేక వేసిన మనిషే, వచ్చినవాళ్లను పంపించే ఏర్పాటు కూడా ఆ కేకలోనే పెట్టాడన్నమాట. వాపు మొదలులోనే దాని ముగింపు రాసి ఉంది.

2000 తర్వాత సెర్హాన్ బృందం ఒమేగా-3 కొవ్వు ఆమ్లాల నుంచి పుట్టే ఉపశమన అణువులను వరసగా బయటపెట్టింది. ఇపిఎ, డిహెచ్ఎ అనే రెండు చేపనూనె ఆమ్లాల నుంచి రిసాల్విన్లు వస్తాయి. డిహెచ్ఎ నుంచి ప్రొటెక్టిన్లు, మారెసిన్లు కూడా.

దీనివల్ల మందుల గురించిన ఆలోచన కూడా మారాలి. 1999లో లండన్‌లో డెరెక్ గిల్రాయ్ బృందం ఎలుకల ఊపిరితిత్తుల చుట్టూ వాపు రప్పించి, సైక్లో ఆక్సిజనేజ్‌లో ఒక రకమైన సైక్లో ఆక్సిజనేజ్-2ను ఆపే మందు ఇచ్చింది. మొదటి గంటల్లో ఇస్తే వాపు తగ్గింది. వాపు తగ్గుముఖం పట్టే దశలో ఇస్తే అది తగ్గకుండా సాగింది. వాపును చల్లార్చే పనిలోనూ ఆ ఎంజైముకు పాత్ర ఉంది కాబట్టి. ఆస్పిరిన్ మాత్రం ఇక్కడ ప్రత్యేకం. అది సైక్లో ఆక్సిజనేజ్-2ను పూర్తిగా చంపదు, రూపు మారుస్తుంది. మారిన ఎంజైము లైపాక్సిన్‌కు కవలలాంటి అణువు తయారీకి కావలసిన సరుకును అందిస్తుంది.

నల్లగుడ్డు మీది పుండు

సెర్హాన్ దగ్గర పనిచేసిన కార్‌స్టెన్ గ్రోనర్ట్ తర్వాత ఈ ప్రశ్నను కంటికి తీసుకొచ్చారు. ఆయన బృందం 2005లో ప్రకటించిన పని ప్రకారం, ఎలుక కార్నియా పైపొర కణాల్లో లైపాక్సిన్ చేసే ఎంజైములు గాయం లేకపోయినా సిద్ధంగా ఉంటాయి. పైపొరను గీరితే లైపాక్సిన్ పుడుతుంది, చుట్టూ ఉన్న కణాలు జరిగి వచ్చి గాయాన్ని కప్పుతాయి. ఆ ఎంజైముల్లో ఒకదాని జన్యువును తీసేసిన ఎలుకల్లో గాయం మానడం నెమ్మదించింది. పైనుంచి లైపాక్సిన్ చుక్కలు వేస్తే మళ్లీ వేగం పుంజుకుంది. రక్తనాళాలే లేని కార్నియాకు బయటినుంచి సహాయం చేరడానికి గంటలు పడుతుంది. ఆ లోపు తన వాపును తానే అదుపులో ఉంచుకునే ఏర్పాటు దానికి మొదటినుంచీ ఉందన్నమాట. వేరే బృందాలు రిసాల్విన్లతో ఎలుకల్లో ప్రయోగాలు చేసి, కార్నియాలోకి అనవసరంగా రక్తనాళాలు పాకడం తగ్గుతుందనీ, కన్ను పొడిబారే జబ్బులో కన్నీరు పెరుగుతుందనీ చూపించాయి.

బర్కిలీలో గ్రోనర్ట్ బృందానికి ఇంకో సంగతి తెలిసింది. ఆడ ఎలుకల్లో ఈస్ట్రోజెన్ హార్మోన్ కార్నియాలో లైపాక్సిన్ తయారీని తగ్గిస్తుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది. కన్ను పొడిబారే జబ్బు ఆడవాళ్లలో ఎక్కువని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. వయసు, పని, గాలి అని కారణాలు చెబుతూ వచ్చారు. ఎలుకల్లో దొరికిన ఈ సూత్రం మనుషుల్లోనూ నిజమైతే ఆడవాళ్ల కంటి బాధను ‘వయసు మీద పడింది’ అని తోసెయ్యడానికి వీలుండదు. ఈ పరిశోధన ఇంకా ముందుకు సాగాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

మన ప్రాంతంలో ఈ శాస్త్రం తక్షణం పనికొచ్చే చోటు ఒకటుంది. వరి ఆకు అంచు గీరుకుని, కంకి గుచ్చుకుని, కొమ్మ తగిలి కార్నియా మీద పుండు పడటం పొలం పనుల్లో మామూలు. ఆ పుండులో బూజు, అంటే ఫంగస్ చేరడం చల్లని దేశాల కంటే దక్షిణ భారతంలో చాలా ఎక్కువ. 1987లో గుల్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు ఈ పుండ్ల మీద చాలా ఏళ్లుగా పరిశోధన చేస్తున్నారు. ఇలాంటి రోగి ముందు వెళ్లేది తరచూ మందుల దుకాణానికే. అక్కడ స్టెరాయిడ్ కలిసిన చుక్కలు ఇస్తారు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, మందు పనిచేసిందని సంతోషిస్తాడు. లోపల మాత్రం కేక నొక్కేశారు కాబట్టి రావలసిన కణాలు రాలేదు. ఫంగస్ నిశ్శబ్దంగా లోతుకు పోతుంది. పెద్దాసుపత్రికి చేరేసరికి కార్నియా కరిగిపోయి ఉంటుంది. ఎరుపు తగ్గడమూ గాయం మానడమూ ఒకటి కావు. దీన్ని ఎంతమందికి చెప్పగలిగితే అన్ని కళ్లు నిలుస్తాయి.

అలాగని స్టెరాయిడ్ చుక్కలు చెడ్డవి కావు. శుక్లం ఆపరేషన్ తర్వాతా, కార్నియా మార్పిడి తర్వాతా అవి కంటిని కాపాడతాయి. మొదటి వారం రోజుకు ఆరుసార్లు, తర్వాత ఐదు, నాలుగు అంటూ వారం వారం తగ్గించమని డాక్టరు చీటీ రాస్తారు. చప్పున ఆపేస్తే అణగి ఉన్న వాపు మళ్లీ లేస్తుంది. మెల్లగా తగ్గిస్తే కన్ను తన ఉపశమనాన్ని తాను చూసుకునే వ్యవధి దొరుకుతుంది. నెలల తరబడి సొంతంగా వేసుకుంటే మాత్రం కొందరిలో కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తాయి, శుక్లమూ త్వరగా పడుతుంది. కంటి దురదకని పిల్లలకు ఈ చుక్కలు పదేపదే కొనిపెట్టే తల్లిదండ్రులు ఇది తప్పక తెలుసుకోవాలి.

కంటి వెనుక, రెటీనాలో

కంటి వెనుక గోడకు పరుచుకుని ఉండే రెటీనాలో వెలుతురును పట్టే కణాలున్నాయి. ఆ కణాల కొనలో వందలాది పలుచని బిళ్లలు దొంతరగా ఉంటాయి. ఈ బిళ్లల పొరల్లోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం ఒక్క డిహెచ్ఎనే. శరీరంలో ఇంత డిహెచ్ఎ మరెక్కడా ఉండదు. వెలుతురు, ఆక్సిజన్ రెండూ కలిసి ఆ కొవ్వును నిత్యం పాడుచేస్తుంటాయి. అందుకే రోజూ సుమారు పదో వంతు బిళ్లలు రాలిపోతాయి, అడుగున కొత్తవి చేరతాయి. రాలినవాటిని వెనుక ఉన్న నల్లని వర్ణక కణాలు మింగి, డిహెచ్ఎను తిరిగి పంపిస్తాయి. ఆ వర్ణక కణాలు పెద్దయ్యాక మామూలుగా విభజన చెందవు. ఒకటి చస్తే దాని మీద ఆధారపడ్డ చూపు కణాలన్నిటికీ ముప్పే.

2004లో న్యూ ఆర్లీన్స్‌లోని నికొలాస్ బజాన్ బృందం, సెర్హాన్ బృందం కలిసి ఈ వర్ణక కణాలు తమ డిహెచ్ఎ నుంచి ఒక ఉపశమన అణువు చేసుకుంటాయని కనుగొన్నాయి. దానికి న్యూరోప్రొటెక్టిన్ డి1 అని పేరు పెట్టారు. ఆక్సిజన్ దెబ్బకు చావబోతున్న కణాన్ని అది నిలబెడుతుంది. 2017లో టొరంటోలో జెరెమీ సీవాక్, గ్రోనర్ట్‌తో కలిసి ఎలుకల రెటీనాలోని ఆస్ట్రోసైట్ అనే సహాయక కణాలు లైపాక్సిన్లు విడుదల చేస్తాయనీ, గ్లకోమాను పోలిన స్థితిలో ఇవి నాడీకణాలను కాపాడతాయనీ చూపారు. అంటే ఈ అణువులు వాపును చల్లార్చడంతో ఆగవు, నరాలను నేరుగా కాస్తాయి. గ్లకోమాలో ఇప్పుడున్న మందులన్నీ ఒత్తిడి తగ్గించేవే. నరాన్ని కాపాడే మందు దొరికితే ఆ వైద్యమే మారుతుంది.

చేప తింటే చాలా?

ఇంతదూరం చదివినవాళ్లు వెంటనే అడిగేది ఇదే. కానాగంతలు, నెత్తళ్లు తింటే, చేపనూనె గొట్టాలు మింగితే కన్ను బాగుపడుతుందా?

ఎలుకలు అవునన్నాయి, మనుషుల్లో అంత సులువుగా తేలలేదు. అమెరికాలో కన్ను పొడిబారిన 535 మందితో పెద్ద పరీక్ష చేసి 2018లో ఫలితం చెప్పారు. కొందరికి రోజుకు 3,000 మిల్లీగ్రాముల ఒమేగా-3, మిగిలినవాళ్లకు ఆలివ్ నూనె, ఏడాదిపాటు ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ బాధ తగ్గింది, రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వయసుతో రెటీనా మధ్యభాగం చెడిపోయే జబ్బులో చేసిన మరో పరీక్ష ఫలితం 2013లో వచ్చింది. అందులోనూ ఒమేగా-3 చేర్చడం వల్ల అదనపు మేలు కనిపించలేదు.

సరుకు ఇచ్చినంత మాత్రాన వస్తువు తయారవదు. డిహెచ్ఎను రిసాల్విన్‌గా మార్చాలంటే సరైన ఎంజైములు, సరైన కణాలు, సరైన వేళ కావాలి. పొడికన్నులో దెబ్బతిన్నది ఆ మార్చే పనే అయితే ఎంత చేపనూనె పోసినా లాభం లేదు. అవిసె గింజల్లో ఉండేది ఇంకా ముడి రూపం, అందులోంచి డిహెచ్ఎగా మారేది చాలా కొద్ది భాగమే. చేపలు మంచి తిండి, తినమనే చెబుతాను. కంటి జబ్బుకు మందుగా వాటిని అమ్మేవాళ్ల మాట మాత్రం నమ్మవద్దంటాను.

ఈ రంగంలో తగువు కూడా ఉంది. మనిషి రక్తంలో ఈ ఉపశమన అణువులు గ్రాములో లక్ష కోట్ల వంతుల్లో ఉంటాయి. యంత్రాలు పట్టగలిగే హద్దుకు దగ్గరగా ఉన్న ఇంత కొద్ది మొత్తాలను చూసి అవి నిజంగా శరీరంలో పనిచేస్తున్నాయనగలమా అని కొందరు పరిశోధకులు గట్టిగా ప్రశ్నిస్తున్నారు. కొలిచే పద్ధతులు బిగించమంటున్నారు. ఇది ఆరోగ్యకరమైన తగువు. బీటోను ఎవరూ నమ్మనప్పుడు ఆయన చేసింది కూడా మోతాదు మార్చి మళ్లీ కొలవడమే.

రిసాల్విన్‌నో లైపాక్సిన్‌నో నేరుగా చుక్కలుగా వేసే మందు ఇప్పటికి దుకాణాల్లో లేదు. అసలు అణువు నిమిషాల్లో విరిగిపోతుంది కాబట్టి, దాని ఆకారాన్ని కాస్త మార్చి నిలవుండేలా చేసే ప్రయత్నాలు సాగుతున్నాయి. కార్నియా నరాలను తిరిగి మొలిపించే పనిలో న్యూ ఆర్లీన్స్ బృందమే కుందేళ్ల మీదా ఎలుకల మీదా డిహెచ్ఎతోపాటు ఒక ప్రోటీన్ కలిపి వేసి మంచి ఫలితాలు చూసింది. ఎలుకల కన్నీళ్లలో కొత్త రకం రిసాల్విన్ కూడా దానివల్లే దొరికింది. కన్నీటిని సూది గుచ్చకుండా సేకరించవచ్చు. ఒక రోగి కంట్లో వాపు ఇంకా పెరుగుతోందా, తగ్గుముఖం పట్టిందా అని ఆ నీటిలో చూసి చెప్పగలిగితే, స్టెరాయిడ్ ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ఆపాలో డాక్టరుకు అంచనాతో పని ఉండదు. కష్టమల్లా అక్కడ దొరికే నీరు ఎంతన్నదే. ఏ సమయంలోనైనా కంటి మీద ఉండే కన్నీరు సుమారు 7 మైక్రోలీటర్లు. మనం వేసుకునే మందు చుక్క ఒక్కటే దానికి నాలుగైదు రెట్లు ఉంటుంది.